డ్యాం దగ్గర నేను చదివిన ఒడియా బోర్డు

ఒకే పూటలో మావ దగ్గర మర్యాద, పెళ్ళాం దగ్గర నమ్మకం, ఊళ్ళో పరువు మూడూ పోగొట్టుకోవడం ఒక మనిషికి సాధ్యమేనా అని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే నన్ను అడగండి. సాధ్యమే. మధ్యాహ్నం రెండు కాకుండానే నేను ఆ పని పూర్తి చేసి, తడిసిన బట్టలతో జీపెక్కి కూర్చున్నాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టర్ని. ఇప్పటికీ అదే ఉద్యోగం. పెళ్ళయి రెండో ఏడు నడుస్తోంది. మా ఆవిడ దమయంతిది అక్కుపల్లి. మావ నలభై ఏళ్ళుగా సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. మాట తక్కువ. నన్ను ‘మాస్టారుగోరు’ అనేవాడు, మీరనేవాడు. నేను వెళ్ళేసరికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ తుడిచి నాకు వేసి, తను గుమ్మం మెట్టు మీద కూర్చునేవాడు. పాతికేళ్ళవాడికి అంత మర్యాద చేయకూడదు. అది నేరుగా తలకెక్కి అక్కడే కాపురం పెడుతుంది. నాకు అదే జరిగింది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోంచేస్తూ నేను డ్యాం గురించి ఉపన్యాసం మొదలెట్టాను. టెక్కలి మీదుగా పాతపట్నం, పర్లాకిమిడి దాటి కొండలెక్కితే ఒడిశాలో ఒక కరెంటు డ్యాం ఉంది. పేరు చెప్పను. అక్కడివాళ్ళు నన్ను మరిచిపోవాలని కోరుకుంటున్నాను. కొండల మధ్య పెద్ద సరస్సు, కింద కరెంటు తీసే మిషన్లు, సెలవులొస్తే మా వైపు జనం జీపులు కట్టించుకుని వెళ్ళి చూసొస్తారు. నీటిశక్తి కరెంటుగా ఎలా మారుతుందో నేను చేపల పులుసులో చెయ్యి తిప్పుతూ మరీ వివరించాను. అంతా విని మావ నెమ్మదిగా అన్నాడు.

“నిలవనీరే గదా మాస్టారుగోరూ. దానికంత దూరం ఎల్లడమేటి? మన ఎనకాల సముద్రం ఉంది.”

అందులో వెటకారం లేదు. ఉన్నమాట అన్నాడు. కానీ నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది. ఒక డ్యాముని, ఒక సరస్సుని, మొత్తం విజ్ఞానశాస్త్రాన్ని ఈ మనిషి నిలవనీరు అనేశాడు. ఆ క్షణంలోనే నిర్ణయించాను, వచ్చే ఆదివారం అందరినీ తీసుకెళ్ళి ఆ నీళ్ళ ముందు ఈయన చేత ఔరా అనిపించాలని.

బామ్మర్ది కామేసు, అక్కడంతా ఒడియాలోనే మాట్లాడతారు కదా, మనకెలాగని అనుమానపడ్డాడు. నేనున్నాను కదా అన్నాను. నేను ఇచ్ఛాపురంలో ఒక ఏడాది పనిచేశాను. అక్కడ ఒడియా మాట్లాడ్డమే కాదు, చదవడం కూడా వచ్చేసిందని పెళ్ళిచూపుల్లోనే ప్రకటించి ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏడాది మొత్తానికి నేను నేర్చుకున్నవి మూడు మాటలు. పాణి అంటే నీళ్ళు, భలో అంటే బాగుంది, కేతే అంటే ఎంత. అక్షరాల జోలికి వెళ్ళనేలేదు. అయితే పెళ్ళిచూపుల్లో చెప్పిన అబద్ధానికి ఎవరు పరీక్ష పెడతారు, చెప్పండి?

ఆ ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నేను కోపంగానే ఉన్నాను. అయిదింటికి రావాల్సిన జీపు ఆరున్నరకి వచ్చింది. జీపు వచ్చాక మా అత్త తన పుట్టింటివారిచ్చిన ఇత్తడి డేగిసా లేకుండా కదలనంది. ఏటి ఒడ్డున కోడి పలావు వండుకోవాలని ప్లాను. నూరిన మసాలా, ముక్కలకి పట్టించిన కోడి, కామేసు తెచ్చిన జీడిపప్పు, ఎండిన జీడికట్టెలు, చాపలు, నీళ్ళ బిందె, ఇవన్నీ ఎక్కాక మాకు చోటు మిగల్లేదు. టెక్కలిలో టిఫినుకి ఆగితే ఇడ్లీలయిపోయాయన్నారు. ఘాటు మలుపుల్లో కామేసుకి వాంతులు. ప్రతి దానికీ నేను దమయంతి మీద విసుక్కున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూసి ఇంకా మండింది.

డ్యాం చేరాం. మిషన్లున్న పవర్ హౌస్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ముందుగా రాయించుకున్న అనుమతి కాగితం లేకపోతే లోపలికి పంపరట. నేను సైన్సు మాస్టర్నని తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. అతను కదల్లేదు. వెనక్కి చూస్తే నలుగురూ వరసగా నిలబడి నా ఒడియా కోసం ఎదురుచూస్తున్నారు. ఇక తప్పలేదు. గొంతు సవరించుకుని నా దగ్గరున్న మూడు మాటలూ ఒకదాని వెనక ఒకటి గట్టిగా అనేశాను. పాణి, భలో, కేతే. అంటే దాదాపుగా, నీళ్ళు బాగున్నాయి, ఎంత అని.

అతను నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఒడియాలో ఏదో చెప్పి, కాస్త దూరంలో ఉన్న మంచినీళ్ళ కుళాయి చూపించాడు.

“ఏటంతన్నాడు బావా?” అన్నాడు కామేసు.

“ఈ రోజు మిషన్లు ఆపేశారట. అందుకే చూడనివ్వరట,” అన్నాను.

ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా రోజంతా నా పీక మీదికి తెచ్చింది ఇదే. కడుపులో పుట్టిన అవమానాన్ని కప్పెట్టుకోవడానికి అల్లిన మాటని ఆ నలుగురూ నిజమని నమ్మారు. అంతకన్నా ఘోరం, కాసేపటికి నేను కూడా నమ్మేశాను.

సరస్సు దగ్గరికి వెళ్ళాం. దాన్ని గురించి మాత్రం నేను అతిశయోక్తి చెప్పలేదు. కొండల కాళ్ళ దాకా ఆకుపచ్చటి నీళ్ళు, అలల్లేకుండా. మావ కట్ట మీద రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఔరా అంటాడేమోనని నేను పక్కనే కాచుకుని నిలబడ్డాను. ఆయన అవతలి వైపుకి నడిచి, కింద లోతులో రాళ్ళు తేలి దాదాపు ఎండిపోయిన ఏటిని చూసి ఒక్క ప్రశ్న అడిగాడు. ఇన్ని నీళ్ళూ ఇక్కడ ఆపేశారు కదా, మరి కింద ఏటికి ఎప్పుడు వదులుతారని.

వానాకాలంలో గేట్లెత్తినప్పుడే వదులుతారని చెప్పాను. మిషన్లు తిరగాలంటే నీళ్ళు కిందికి రావాలని, ఎప్పుడు కరెంటు కావాలంటే అప్పుడు వదులుతారని ఏటా పదో తరగతి పిల్లలకి బొమ్మ గీసి చెప్పేవాణ్ణి నేనే. కానీ ఆ పూట కోపం నా చదువుని కూడా మింగేసింది. ఈయన మళ్ళీ నన్ను పరీక్షిస్తున్నాడనిపించింది తప్ప, ఆయన అడిగినది అసలైన ప్రశ్న అని తట్టలేదు.

వంటకి ఏట్లోకి దిగుదామన్నాను. కట్ట దిగువన రోడ్డు నుంచి ఏట్లోకి మెట్లున్నాయి. మెట్ల మొదట్లో ఇనప కమ్మీలకి బిగించిన పెద్ద పసుప్పచ్చ బోర్డు, దాని మీద ఎర్రటి ఒడియా అక్షరాలు. అన్నీ గుండ్రంగా, తల మీద గొడుగులు వేసుకున్నట్టు వరసగా నిలబడి నన్నే చూస్తున్నాయి. అత్త ఆగిపోయింది. అందులో ఏం రాసుందో చదవమంది.

అప్పుడు నాకు చదవడం రాదని చెప్పి ఉంటే ఏం పోయేది? అర నిమిషం సిగ్గు. రోడ్డు మీద వెళ్ళేవాణ్ణి ఎవరినైనా పిలిచి అడిగేవాళ్ళం. కానీ నేను చేతులు నడుమ్మీద పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మొదటి వరస నుంచి చివరి వరస దాకా శ్రద్ధగా కళ్ళు నడిపి, మధ్యలో ఒకచోట అర్థం కానట్టు నటించి మళ్ళీ వెనక్కి వెళ్ళి, అప్పుడు చెప్పాను.

“స్నానాలు చేసుకోవచ్చు. వంటలు చేసుకోవచ్చు. చెత్త మాత్రం వేయకూడదు.”

చెత్త సంగతి నమ్మకం కోసం చేర్చాను. దమయంతి ఎర్ర అక్షరాలకేసి చూసి, చెత్త గురించి ఇంత ఎర్రగా రాశారేమిటని గొణిగింది. ఒడిశాలో శుభ్రతకి ప్రాధాన్యం ఎక్కువన్నాను.

ఏటి మధ్యలో నున్నటి బండలు, వాటి మధ్య చీలమండ లోతు పారే నీళ్ళు. అయిదుగురం చేతుల నిండా సామాను మోసుకుని నడిమి బండల దాకా వెళ్ళాం. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాను. అత్త డేగిసా పెట్టింది. మావ మాత్రం కూర్చోలేదు. ఒక బండని మోకాలెత్తున అరచేత్తో రాసి, ఇక్కడి దాకా తడిగా ఉందేమిటి, పొద్దున్న నీళ్ళొచ్చి వెళ్ళినట్టుందే అన్నాడు. అది మంచు అన్నాను. పన్నెండు గంటల ఎండలో నిలబడి, సముద్రంలో పుట్టి పెరిగిన మనిషికి నేను మంచు సంగతి చెప్పాను. ఆయన అరచేతిని లుంగీకి తుడుచుకుని ఇంకేం అనలేదు. మర్యాద. నేను తలకెక్కించుకున్న ఆ మర్యాదే ఆయన నోరు కట్టేసింది.

పలావు ఉడుకుపట్టింది. జీడిపప్పు వాసన కొండంతా కమ్మేసింది. నా కోపం అప్పుడే కొంచెం చల్లారుతోంది. సరిగ్గా అప్పుడు కొండల్ని చీల్చేస్తూ సైరన్ మోగింది.

అందరూ లేచి నిలబడ్డారు. నేను గరిటె పట్టుకుని కూర్చునే, అది పనివాళ్ళ భోజనాల సైరన్ అని చెప్పాను. దమయంతి, మిషన్లాపేశారన్నారు కదా, పనివాళ్ళెవరని అడిగింది. మిషన్లాపేసినంత మాత్రాన పనివాళ్ళకి ఆకలెయ్యదా అని కసిరాను.

మావ నా మాట వినడం లేదు. పైకి, డ్యాం వైపు చూస్తున్నాడు. బండల మధ్య పారే నీళ్ళ మీద ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. అంతసేపూ లేని ఆకులు.

“లెగండి. బేగి. ఒడ్డుకి,” అన్నాడు. అరవలేదు. పడవలో అలాగే మాట్లాడతాడేమో. అత్త చెయ్యి పట్టుకుని నడిపించేశాడు. కామేసు చాపలెత్తుకున్నాడు. దమయంతి నా చొక్కా పట్టి లాగింది.

నేను లేవలేదు. ఎందుకు లేవలేదని ఇప్పుడు మీరడిగితే నా దగ్గర జవాబు ఒకటే. కోపం. పొద్దున్నుంచీ నేను చెప్పిందేదీ నిలబడలేదు, ఈ పలావైనా నిలబెడతాను అని పట్టుదల. ఇంకా అయిదు నిమిషాల్లో అయిపోతుంది, దించి తెస్తాను, మీరు పదండి అన్నాను. దమయంతి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చొక్కా వదిలేసి వెళ్ళిపోయింది.

నీళ్ళు సినిమాల్లోలా గోడ కట్టుకుని రావు. చడీచప్పుడు లేకుండా వచ్చాయి. ముందు చాప పరిచిన చోటు తడిసింది. తర్వాత పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. పొగ కళ్ళలోంచి పోయి నేను చూసేసరికి నాకూ ఒడ్డుకీ మధ్య, ఇందాక నడిచొచ్చిన బండల మీద, నురగలు కక్కుతూ ఏరు పారుతోంది. కాలుతున్న డేగిసాని తువ్వాలతో పట్టుకుని, దగ్గర్లో ఉన్న పెద్ద బండ మీదికి పాకాను. అక్కడ, నలుదిక్కులా నీళ్ళ మధ్య, ఒళ్ళో పలావు పెట్టుకుని కూర్చున్నాను.

ఏటికి అడ్డంగా పైనున్న రోడ్డు వంతెన మీద టూరిస్టులు గుమిగూడారు. ఫోన్లు బయటికొచ్చాయి. కట్ట మీదనుంచి ఎవరో ఈలలు వేస్తున్నారు. దమయంతి ఒడ్డున నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పటి దాకా కోపంగా ఉన్న నాకు, ఆ చెంగు చూశాక మొదటిసారి భయమేసింది.

మావ జీపు దగ్గరికి పరుగెత్తి, సామాను కట్టిన తాడు విప్పుకొచ్చాడు. ఒక చివర కామేసు చేత చెట్టుకి కట్టించి, రెండో చివర చుట్టలు చుట్టి, వల విసిరినట్టు విసిరాడు. మొదటి విసురుకే వచ్చి నా మోకాళ్ళ మీద పడింది.

“నడుంకి కట్టుకో. గిన్నె ఒగ్గీ,” అని కేకేశాడు.

తాడు నడుముకి కట్టుకోవాలి, గిన్నె వదిలెయ్యాలి. చిన్నపిల్లాడికైనా తెలిసే సంగతి. కానీ చేతిలో అత్త పుట్టింటి డేగిసా ఉంది, అందులో నేను నిలబెట్టదలచుకున్న పలావు ఉంది. నా బుర్ర ఎలా పనిచేసిందో నాకిప్పటికీ తెలీదు. తాడు డేగిసా రెండు చెవుల్లోంచి దూర్చి, గట్టిగా ముడేసి, లాగండి అని చెయ్యి ఊపాను.

నీళ్ళ హోరులో, తుంపరల్లో ఒడ్డు మీదివాళ్ళకి ఏం లాగుతున్నారో కనిపించలేదు. బరువు తగలగానే మావా, కామేసూ బలంకొద్దీ లాగారు. డేగిసా పడవలా నాలుగు గజాలు నిటారుగా ప్రయాణం చేసి, నడిమధ్యలో తిరగబడింది. జీడిపప్పుతో సహా పలావంతా ఏటి పాలయింది. ఒడ్డుకి చేరిన డేగిసాని మావ ఎత్తి, లోపలికి చూసి, తలెత్తి నన్ను చూశాడు.

“నిన్నురా లాగుతానన్నది,” అన్నాడు.

పెళ్ళయిన రెండేళ్ళలో ఆయన నన్ను ‘రా’ అనడం అదే మొదలు. రెండోసారి తాడు విసిరాడు. నడుముకి కట్టుకున్నాను. నడుములోతు నీళ్ళలో, మోకాళ్ళు చీరుకుపోతూ, నాలుగు మింగులు ఏటి నీళ్ళు తాగి ఒడ్డున పడ్డాను. వంతెన మీద చప్పట్లు కొట్టారు. వాళ్ళని నేను ఇంకా క్షమించలేదు.

మెట్లెక్కుతుంటే దమయంతి ఆగిపోయింది. నేనూ తలెత్తి చూశాను. దిగేటప్పుడు మేం చూసినది బోర్డుకి ఒక వైపే. రెండో వైపు, ఏట్లోంచి ఎక్కేవాళ్ళకి కనిపించేట్టు, చక్కటి తెలుగులో రాసుంది. దమయంతి ఒక్కొక్క మాటా విడదీసి పైకి చదివింది.

“హెచ్చరిక. ఏటిలోకి దిగరాదు. ఏ సమయంలోనైనా నీరు విడుదల చేయబడును. సైరన్ మోగిన వెంటనే ఒడ్డుకు చేరవలెను.”

చదివి నాకేసి తిరిగింది. చెత్త గురించి ఎక్కడుందండీ అని చాలా మర్యాదగా అడిగింది.

ఇందాక ఈల వేసిన వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు. అతనిది నందిగాం. తెలుగువాడే. చదువుకున్నవాడిలా ఉన్నావు, బోర్డు కళ్ళపడలేదా, ఆడవాళ్ళని తీసుకుని చావడానికొచ్చావా అని, నా మావ అనడానికి మొహమాటపడ్డవన్నీ అతను వరసగా అనేశాడు. పోయినేడు ఇక్కడే ఒక ఆవు కొట్టుకుపోయిందట. ఆవుకి చదువు రాదు కదా అని కూడా అన్నాడు. అతను ఏం పని చేస్తావని అడిగితే కామేసు చెప్పబోయాడు. కాలు తొక్కాను.

తిరుగు ప్రయాణంలో సొట్టపోయిన డేగిసా అత్త ఒళ్ళో కూర్చుంది. టెక్కలిలో టీకి ఆగినప్పుడు మావ నా పక్కనొచ్చి నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసుతో రోడ్డుకేసి చూస్తూ, కోపం అణుచుకుంటూ అన్నాడు.

“నలబై ఏళ్ళు తిరిగేను సంద్రంలో. తెలీని నీళ్ళకాడ తెలుసునని ఒక్కపాలి అన్నేదు. అందుకే బతికున్నాను. నా కూతుర్ని నీకిచ్చేను. అది గుర్తెట్టుకో.”

అంతే. టీ సగంలో వదిలేసి జీపెక్కాడు. నా గ్లాసులో టీ కూడా నేను తాగలేకపోయాను. ఆ రోజంతా నేను జీపు మీద, సెక్యూరిటీ మీద, పెళ్ళాం మీద చూపించిన కోపమంతా అప్పుడు ఒక్కసారిగా తిరిగొచ్చి ఎవరిమీద ఉండాలో వాడి మీదే కూర్చుంది. ఇంకా దిగలేదు.

వీడియో మేం ఇల్లు చేరేలోపే పలాస చేరిపోయింది. సోమవారం స్కూల్లో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా నా మొహం చూసి దగ్గు వచ్చినట్టు నటించారు. నా ఖర్మ కొద్దీ ఆ రోజు పదో తరగతికి పాఠం జలవిద్యుత్తు. వాయిదా వేస్తే ఇంకా నవ్వుతారని ధైర్యం చేశాను. బోర్డు మీద డ్యాం గీశాను, సరస్సు గీశాను. ఎత్తులో నిలిచిన నీటికి స్థితిశక్తి ఉంటుందని, అది కిందికి దూకుతూ గతిశక్తిగా మారుతుందని, ఆ శక్తి ముందు ఏదీ ఆగదని చెప్పాను. ఏమైనా సందేహాలున్నాయా అని అలవాటుకొద్దీ అడిగాను. రెండో బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, చేతులు కట్టుకుని, చాలా వినయంగా అడిగింది.

“నీళ్ళన్నీ గతిశక్తి అయిపోతంటే, మీరొక్కరూ కదల్నేదేటి సార్?”

క్లాసంతా బల్లల కిందికి దూరిపోయింది. నేను సుద్దముక్క కింద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

కాబట్టి ఇది చదివే పెద్దలందరి సమక్షంలో, సూర్యచంద్రులు సాక్షిగా, మా అత్త డేగిసా సొట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు రాని భాషలో బోర్డు కనిపిస్తే, నాకు రాదని నాకు వచ్చిన భాషలో గట్టిగా చెబుతాను. సైరన్ మోగితే ముందు పరుగెత్తి, అది దేనికి మోగిందో ఒడ్డున నిలబడి ఆలోచిస్తాను. ఎవరైనా తాడు విసిరితే ముందు నన్ను నేను కట్టుకుంటాను, పలావు వేడిగా ఉన్నా సరే.

మావ ఇప్పుడు నన్ను ‘ఒరే అల్లుడూ’ అంటాడు. కుర్చీలో తనే కూర్చుంటాడు. నేను మెట్టు మీద కూర్చుంటాను.